నక్షత్రపు రాయికి చీటీయే ప్రాణం
పిల్లలకు దొరికే సీ అర్చిన్ శిలాజాలను గుర్తించే తీరు

శ్రీముఖలింగం (జలుమూరు): సెలవులకు బంధువుల ఊరికి వెళ్లి వచ్చిన పిల్లల జేబుల్లో గులకరాళ్లతో పాటు ఒక్కోసారి వింత రాయి కనిపించవచ్చు. గుండ్రంగానో, గుండె ఆకారంలోనో ఉండి, పైభాగాన ఐదు రేకుల పువ్వు చెక్కినట్లు గుర్తు ఉంటుంది. ఎవరో శిల్పి చెక్కిన ముక్క అనుకుని పెద్దలు దానిని పక్కన పడేయడం కద్దు. అది కోట్ల ఏళ్ల నాటి సీ అర్చిన్ శిలాజం కావచ్చు. అదేమిటో గుర్తించడం ఒక ఎత్తయితే, ఎక్కడ దొరికిందో చీటీపై రాసి ఉంచడం మరో ఎత్తు. ఊరి పేరు లేని శిలాజం శాస్త్రానికి దాదాపు మూగరాయే.

ముళ్లబంతి లాంటి జీవి
సీ అర్చిన్ సముద్రపు అడుగున బతికే జీవి. ఒంటి నిండా ముళ్లతో బంతిలా కనిపిస్తుంది. సముద్ర నక్షత్రానికి దగ్గరి చుట్టం. ఈ జీవులు భూమిపై సుమారు 45 కోట్ల ఏళ్ల క్రితం తొలిసారిగా కనిపించాయి. చనిపోయాక ముళ్లు రాలిపోతాయి. సున్నపు పలకలతో కూడిన పెంకు బురదలో కూరుకుపోయి, కాలక్రమంలో శిలాజంగా మారుతుంది.

పోల్చుకోవడం ఎలా?
మొదట చూడాల్సింది ఐదు వరుసల అమరిక. పైనుంచి చూస్తే ఐదు రేకులు లేదా ఐదు పట్టీలు కనిపించాలి. భూతద్దంతో పరిశీలిస్తే ఆ పట్టీల వెంట సన్నని రంధ్రాలు, పెంకుపై ముళ్లు అతుక్కున్న చోట చిన్న బుడిపెలు కనిపిస్తాయి. పెంకు విరిగిన చోట చదునుగా మెరుస్తుంది. ప్రతి పలకా ఒకే కాల్సైట్ స్ఫటికంగా ఉండటమే ఇందుకు కారణం.

తర్వాత నోరు, మలద్వారం ఎక్కడున్నాయో చూడాలి. నోరు కింద నడుమన, మలద్వారం పైన నడుమన ఉంటే అది గుండ్రని రకం. మలద్వారం వెనుక అంచుకో, అడుగుభాగానికో జరిగి ఉంటే గుండె ఆకారపు లేదా బిళ్ల రకం. ఇంతవరకు పాఠశాల విద్యార్థులు కూడా తేల్చగలరు. జాతి పేరు తేల్చడం మాత్రం నిపుణుల పని.

కళింగపట్నం వంటి తీరాల్లో ఇసుకపై దొరికే తేలికపాటి డొల్ల పెంకులను శిలాజాలుగా పొరబడరాదు. అవి ఇటీవల చనిపోయిన జీవులవి అయ్యే అవకాశమే ఎక్కువ. శిలాజంలో సాధారణంగా లోపల రాయి నిండి, చేతికి బరువుగా తగులుతుంది.

మన కొండల్లో ఉండవు
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కొండలు ఖోండలైట్, చార్నొకైట్ శిలలతో ఏర్పడ్డాయి. ఇవి సుమారు వంద కోట్ల ఏళ్ల క్రితమే భూగర్భంలో తీవ్రమైన వేడికి, ఒత్తిడికి లోనై రూపు మారిన శిలలు. అప్పటికి సీ అర్చిన్లు పుట్టనే లేదు. వంశధార కూడా ఇటువంటి కొండల నుంచే రాళ్లను మోసుకొస్తుంది. కనుక నది ఒడ్డున అటువంటి శిలాజం కనిపిస్తే, ఎవరో బయటి నుంచి తెచ్చినది అయి ఉంటుందని మొదట అనుమానించాలి.

రాష్ట్రంలో రాజమహేంద్రవరం సమీపాన కాతేరు, దుద్దుకూరు, పంగిడి ప్రాంతాల సున్నపురాతి పొరల్లో సుమారు 6.5 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు నత్తలు, ఆల్చిప్పల శిలాజాలు ఉన్నాయి. సీ అర్చిన్లకు దక్షిణాదిన పేరుపొందిన చోటు తమిళనాడులోని అరియలూరు. పుదుచ్చేరి, వృద్ధాచలం, తిరుచిరాపల్లి ప్రాంతాల శిలాజాలను ఎడ్వర్డ్ ఫోర్బ్స్ 1846లోనే వర్ణించారు. దక్షిణ భారత సీ అర్చిన్లపై స్టోలిచ్కా గ్రంథం 1873లో వెలువడింది. గుజరాత్‌లోని కచ్, మధ్యప్రదేశ్‌లోని బాగ్ ప్రాంతాల్లోనూ ఇవి లభిస్తాయి.

అరియలూరులో ఏరిన రాయిపై పొరపాటున ‘శ్రీముఖలింగం’ అని రాస్తే, ఇక్కడ ఎన్నడూ లేని సముద్రాన్ని చీటీపై సృష్టించినట్లవుతుంది. జ్ఞాపకం చెదరకముందే, అంటే దొరికిన రోజునే చీటీ రాయాలి.

చీటీలో ఉండాల్సినవి
* వరుస సంఖ్య. ఇదే సంఖ్య నోటుపుస్తకంలోనూ ఉండాలి.
* పేరు. తెలిసినంత వరకే రాయాలి. ‘గుండె ఆకారపు సీ అర్చిన్’ అంటే చాలు. అనుమానం ఉంటే ప్రశ్నార్థకం పెట్టాలి.
* దొరికిన చోటు. ఊరు, మండలం, జిల్లా, దగ్గరి గుర్తు. వీలైతే ఫోనులో కనిపించే అక్షాంశ, రేఖాంశాలు.
* రాతి పొరలో దొరికిందా, విడిగా నేలపై దొరికిందా అన్న వివరం.
* తేదీ, ఏరిన పిల్లవాడి లేదా పాప పేరు. ఎవరైనా ఇచ్చినదైతే ఆ సంగతి.
* తర్వాత నిపుణులు పేరు తేల్చితే వారి పేరు, తేదీ.

పాత చీటీని ఎన్నడూ పారేయరాదు. తప్పున్నా ఉంచి, కొత్త చీటీని దానికి జతచేయాలి. పెన్సిల్‌తోనో, చెదరని నల్ల సిరాతోనో రాయాలి. రాయిపై గుర్తులు లేని చోట చిన్న తెల్లరంగు చుక్క పెట్టి, ఆరాక దానిపై సంఖ్య వేయాలి. అప్పుడు చీటీ, రాయి వేరుపడినా మళ్లీ కలపవచ్చు.

నిమ్మరసం వద్దు
మట్టిని మెత్తని బ్రష్‌తో, మంచినీటితో మాత్రమే తొలగించాలి. నిమ్మరసం, వెనిగర్, ఆమ్లాలు పెంకును కరిగించేస్తాయి. పక్కన స్కేలు ఉంచి పైనుంచి, కిందనుంచి, పక్కనుంచి ఫొటోలు తీయాలి. వాటిని విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయ భూవిజ్ఞాన శాస్త్ర విభాగానికి గానీ, హైదరాబాద్‌లోని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ కార్యాలయానికి గానీ చూపి అభిప్రాయం కోరవచ్చు. సున్నపురాతి గనుల్లోకి అనుమతి లేకుండా పిల్లలను పంపరాదు.

రాళ్లను చదివిన నేల
రాతిని చదవడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. ఇక్కడికి సమీపంలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు వెంకట రామమూర్తి శాసన లిపిని స్వయంగా నేర్చుకుని ముఖలింగం ఆలయ శాసనాలను చదివారు. ప్రాచీన కళింగనగరం ఇదేనని నిరూపించేందుకు అవి ఆధారమయ్యాయి. దాత పేరు, కాలం చెక్కి ఉన్నందునే ఆ రాళ్లు నేటికీ మాట్లాడుతున్నాయి. శిలాజంపై అటువంటి రాత ఉండదు. దానికి శాసనం మనం రాసే చీటీయే. అందులో ఏరిన పిల్లల పేరు కూడా చేరితే, ఆ రాయితో పాటు వారి చూపునూ రేపటి తరం గుర్తుంచుకుంటుంది.