వాసనకెంత, నురుగుకెంత?

ఒంటికి రుద్దుకునే వస్తువు మీద మనిషి ఎంతదాకా ఖర్చు పెట్టొచ్చు? ఈ ప్రశ్నకి జవాబు ధర్మశాస్త్రాల్లో వెతక్కండి, సుంకాల పట్టీల్లో వెతకండి. అటువంటి పట్టీ ఒకటి మా మార్టూరుకి ఆట్టే దూరంలో లేదు. ఆగ్నేయంగా సముద్రపొడ్డుకి పోతే మోటుపల్లి అని ఓ పల్లెటూరు వస్తుంది. ఇవాళ చూస్తే అక్కడో పాత గుడి, ఇసుక, చేపల వాసన. ఒకప్పుడది మహా రేవు. కాకతి గణపతిదేవుడు 1244లో అక్కడ ఓ రాతి స్తంభం మీద అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకి ఒడ్డున పడ్డ ఓడల్ని దోచుకునేవారట. నేనట్లా చెయ్యను, న్యాయమైన సుంకం మాత్రం పుచ్చుకుంటాను, ధైర్యంగా రండి అని సముద్రవర్తకులకి మాటిచ్చి, ఏ సరుకుకెంతో కింద చెక్కించాడు.

ఆ జాబితా చదువుతుంటే నాకెప్పుడూ నవ్వొస్తుంది. మంచిగంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, పన్నీరు, పునుగు, కర్పూర తైలం, ఇతర సుగంధ ద్రవ్యాలు. మధ్యలో ముత్యాలు, పగడాలు, ఏనుగు దంతం, రాగి, సీసం, మిరియాలు, వక్కలు ఉన్నాయనుకోండి. అయినా సగం పట్టీ ఒంటికి పూసుకునే వాసనలే! స్నానాల గదిలోంచి ఖజానాకి ఎంత ఆదాయమో చూడండి.

దానికంటే ముఖ్యం, పట్టీలో లేనిది. పెసరపిండి లేదు. కుంకుడుకాయ లేదు. సీకాయ లేదు. అంటే మురికి వదలగొట్టే వస్తువేదీ ఓడెక్కి రాలేదన్నమాట. అది పెరట్లోనో, చేలోనో, అడవి పక్కనో దొరికేది. ఓడల్లో వచ్చిందీ, సుంకం కట్టిందీ వాసన ఒక్కటే. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పి బతికినవాణ్ని కనక ఈ సంగతి పట్టుకుని ఇంతదూరం లాగుతున్నాను. కొంచెం ఓపిక పట్టండి.

ఇక మాకు ఉత్తరాన, చిలకలూరిపేట అవతల కొండవీడు. కాకతీయుల తరవాత రెడ్డిరాజులు వచ్చారు. అనపోతారెడ్డి 1358లో అదే మోటుపల్లిలో మళ్లీ అభయశాసనం వేయించి సుంకాలు కొంత సడలించాడు. ఆయన కొడుకు కుమారగిరిరెడ్డి. 1386 నుంచి 1402 దాకా ఏలిన ఈయనకి కర్పూర వసంతరాయలని బిరుదు. నారాయణరెడ్డిగారి కావ్యం పుణ్యమా అని ఆ పేరు, దాంతో పాటు నర్తకి లకుమ పేరు మనవాళ్లందరికీ తెలుసు. ఏటా వసంతోత్సవం వస్తే కస్తూరి, కుంకుమపువ్వు, పన్నీరు, కర్పూరం, గంధం జనం మీద కుమ్మరించడమే ఆయన పని. ఈ సరుకంతా సరఫరా చేసినవాడు అవచి తిప్పయసెట్టి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చింది ఈ సెట్టిగారికే. రాజుకి కాకుండా సుగంధాల వ్యాపారికి కావ్యం అంకితం! ఆ వ్యాపారం ఏపాటిదో వేరే చెప్పాలా? భోటదేశం నుంచి కస్తూరి, గోవ నుంచి సంకుమదం, పంజారం నుంచి కర్పూరపు చెట్లు, హురుముంజి నుంచి గుర్రాలు, సింహళం నుంచి ఏనుగులు తెప్పించేవాడని కవిగారే సెలవిచ్చారు. ఇప్పటి ప్రకటనల్లో ఫలానా దేశపు గులాబీ, ఫలానా సముద్రపు ఉప్పు అని ఊళ్ల పేర్లు చెప్తారు చూడండి, ఆ కిటుకు ఆరువందల ఏళ్లనాడే మన సెట్టిగారికి వచ్చు.

మరి ఇంత ఖర్చుకీ రాజుగారి ఒళ్లు శుభ్రపడిందా? లేదు. కస్తూరి మురికి తియ్యదు. గంధమూ తియ్యదు. మురికి పోయాక పూసుకునేవి అవి. వసంతాలాడి ఇళ్లకు పోయిన కొండవీటి జనం, ఆ రంగూ జిడ్డూ వదిలించుకోడానికి ఇంత పిండి పెట్టి రుద్దుకుని మళ్లీ నీళ్లు పోసుకునే ఉంటారని నా ఊహ. ఆ వంశంలో చివరి రాజు రాచవేముడు బిడ్డ పుడితే కట్టాల్సిన పురిటిసుంకం కూడా వేశాడనీ, ఓర్చుకోలేక సవరం ఎల్లయ్య అనేవాడు అతన్ని పొడిచేశాడనీ ఈ ప్రాంతపు కవిలెలు చెప్తున్నాయి. పెదనాన్నగారి కస్తూరి లెక్క రైతు మెడకి చుట్టుకుందని నేననను గాని, ఖజానాకి అడుగున్న సంగతి మాత్రం మరచిపోకూడదు.

(అన్నట్టు, ఈ నేలంతా ఎర్రగా పరుచుకునే మిరపకాయ వసంతరాయలవారికి తెలీదు. అది పోర్చుగీసువాళ్ల వెంట తరవాతొచ్చిన చుట్టం. పత్తి మాత్రం అప్పటికే ఉంది.)

సబ్బు కూడా అటువంటి చుట్టమే. పేరే చెప్తోంది. అరబ్బుల సాబూన్, పోర్చుగీసుల సబావ్, మన సబ్బు ఒక్క ఇంటి పిల్లలు. పెట్టెల్లో దిగింది మాత్రం తెల్లవాళ్ల హయాంలో. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. 1897లో మీరట్‌లో దేశంలోనే సబ్బు ఫ్యాక్టరీ పెట్టారు. అటు పిమ్మట స్వదేశీ గాలి వీచింది. కొవ్వు కలవని, పూర్తిగా నూనెగింజల సబ్బు చేస్తామని గోద్రెజ్‌వారు బయల్దేరి, నంబర్ టూ అని ముందు విడుదల చేసి, 1922లో నంబర్ వన్ తెచ్చారు. రెండోదే ఇంత బాగుంటే ఒకటోది ఇంకెంత బాగుంటుందో అని జనం అనుకోవాలనిట! సబ్బు కంటే సబ్బు మీది పేరుకి విలువ కట్టడం అప్పటికే మొదలైందన్నమాట.

వాసన మళ్లీ గద్దెనెక్కింది మైసూరులో. మొదటి ప్రపంచయుద్ధం వల్ల గంధపు చెక్క ఐరోపాకి పోవడం ఆగిపోయింది. గుట్టలు పేరుకున్న చెక్కని ఏం చెయ్యాలి? 1916లో నూనె తీసే కార్ఖానా పెట్టారు. 1918లో ఆ నూనె కలిపి సబ్బు చేశారు. అదే మైసూర్ శాండల్. తయారయ్యేది కన్నడదేశంలోనైనా దాన్ని నెత్తిన పెట్టుకున్నది తెలుగువాళ్లే. మా ఇళ్లల్లో పెళ్లివారికీ, పురుడోసుకున్న పిల్లకీ, ఊరినుంచొచ్చిన అల్లుడికీ ఆ సబ్బు తియ్యడం ఓ మర్యాద. మిగతా రోజుల్లో మామూలు సబ్బు. కాగితం పారేసేవాళ్లం కాదు, బీరువాలో చీరెల మధ్య పెట్టేవాళ్లం. 2012లో అదే కంపెనీ మిలీనియం అని 150 గ్రాముల బిళ్ళ 720 రూపాయలకి తెచ్చింది. వాసనకి గిరాకీ ఉన్నచోట దొంగలకీ గిరాకీయే. 2024 జనవరిలో హైదరాబాదు మలక్‌పేటలో నకిలీ మైసూర్ శాండల్ తయారుచేస్తూ పట్టుబడ్డారు. నకిలీ సబ్బు కూడా నురగొస్తుంది సుమండీ. రానిది ఆ గంధమే.

సినిమాతారల సబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. లక్స్ 1929లో వచ్చింది. 1941లో లీలా చిట్నిస్ దానికి బొమ్మ ఇచ్చిన మొదటి భారతీయ తార. 1975లో లిరిల్ జలపాతం వచ్చింది. 1983లో కడలూరు కుర్రవాడు రంగనాథన్ చిక్ షాంపూ పొట్లాలతో మొదలుపెట్టి, సీసా కొనలేని పల్లెల్లోకి షాంపూని చిల్లర డబ్బులకి చేర్చాడు. కుంకుడుకాయలు కొట్టి, గింజలేరి, వేణ్ణీళ్లలో పిసికి, కళ్లు మండితే నోట్లో ఉప్పుకల్లు వేసుకుని ఏడ్చే పిల్లల బాధ చాలావరకు ఆయన పొట్లంతో తీరింది. పొదుపంటే అది.

ఇప్పుడు కొత్తరకం పెట్టెలు. హైదరాబాదులో ఉద్యోగం చేసే మా మనవరాలు పోయిన సంక్రాంతికి ఒకటి తెచ్చింది. వెల 1,400. అందులో నల్లగా బొగ్గుసబ్బు, మేకపాల సబ్బు, ఒంటికి రుద్దుకునే కాఫీపొడి, నిమ్మకాయంత ఉండలు నాలుగు. కాఫీపొడి చూసి మా ఆవిడ, “ఫిల్టర్లో వేస్తే వారం వచ్చేది గదే!” అంది. బొగ్గుసబ్బు చూసి నాకు ఒళ్లు మండింది. మా చిన్నప్పుడు కచ్చికతో, బొగ్గుతో పళ్లు తోముకుంటుంటే అనాగరికులని వెక్కిరించి పళ్లపొడి అమ్మారు. ఇప్పుడు ఆ బొగ్గునే బిళ్ళ కట్టి మనకే అమ్ముతున్నారు.

“ఈ ఉండలేమిటే?” అన్నాను.

“బాత్ బాంబు తాతయ్యా. తొట్టి నీళ్లల్లో వేస్తే బుస్సుమంటుంది.”

“మనకి తొట్టెక్కడిదే?”

“బకెట్టులో వేద్దాం.”

వేశాం. బుస్సుమంది. నీళ్లు గులాబీరంగుకి తిరిగాయి, వీధిగుమ్మం దాకా వాసనొచ్చింది. నాలుగు చెంబులు పోసుకునేసరికి బాంబు అయిపోయింది. ఆ ఉండని 1989లో ఇంగ్లండులో మో కాన్‌స్టాంటీన్ అనే ఆవిడ కనిపెట్టింది. అందులో ముఖ్యమైనవి రెండే: వంటసోడా, నిమ్మ ఉప్పు. తడి తగిలితే రెండూ కలిసి పొంగుతాయి. కడుపుబ్బరానికి తాగే పొడి కూడా ఆ బాపతే. తక్కినది రంగు, నూనె, వాసన.

పెట్టెలో సబ్బుల అట్టలు నేను కళ్లజోడు పెట్టుకుని చదివాను. మీరూ చదవండి. టీఎఫ్ఎం అని ఓ అంకె ఉంటుంది. బిళ్ళలో అసలు సబ్బు, అంటే కొవ్వుపదార్థం, నూటికెంతో అది చెప్తుంది. మన భారతీయ ప్రమాణాల ప్రకారం 76 పైన ఉంటే గ్రేడ్ 1, 70 అయితే గ్రేడ్ 2, 60 అయితే గ్రేడ్ 3. 40 ఉన్నా అమ్మొచ్చు గాని, దాన్ని స్నానపు బార్ అనాలి తప్ప టాయిలెట్ సబ్బు అనకూడదు. మా బజారు కొట్లో నలభై రూపాయల బిళ్ళ మీద 76 చూశాను. మనవరాలి మేకపాల సబ్బు మీద మేక బొమ్మ ఉంది గాని అంకె లేదు. పాలైనా, విటమిన్లైనా ఒంటి మీద ఉండేది అర నిమిషం. చెంబెడు నీళ్లు పోస్తే తూములోకి. వాటి ఉపకారమేదో మురుక్కాలవ దోమలకి జరగాలి. క్రిములు చంపే సబ్బుల సంగతీ అంతే. 2016లో అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ ట్రైక్లోసాన్‌తో సహా 19 మందుల్ని చేతులు, ఒళ్లు కడుక్కునే సబ్బుల్లో నిషేధించింది. మామూలు సబ్బూ నీళ్లకంటే అవి మెరుగని కంపెనీలు రుజువు చెయ్యలేకపోయాయి.

అయితే ఖరీదైనదల్లా దండగంటే అన్యాయం. సబ్బు క్షారం. ఒంటి చర్మం కొంచెం ఆమ్లం వైపుంటుంది. ఎగ్జిమా, పొడిచర్మంతో బాధపడేవాళ్లకి డాక్టర్లు సబ్బు కాని సబ్బులు, సిండెట్లనేవి, రాసిస్తారు. వాటికి టీఎఫ్ఎం అంకె వర్తించదు, ధర ఎక్కువే, అయినా దురద తగ్గితే ఆ డబ్బు మందు ఖర్చులో రాసుకోవచ్చు. అసలు సబ్బుబిళ్ళ మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం కాస్తా 5 శాతానికి దిగింది. అనపోతారెడ్డిగారి తరవాత స్నానానికి దక్కిన మంచి సడలింపు ఇదేనని మా కొట్టువాడితో అంటే, వాడికి అనపోతారెడ్డి ఎవరో తెలీక, “ఆయన ఏ పార్టీ అండీ?” అన్నాడు.

మా వూళ్లో సబ్బు అవసరం నిజంగా ఎవరికి? గ్రానైట్ పాలిషింగ్ కుర్రాళ్లకి, ఒళ్లంతా తెల్లటి బూడిదతో ఇంటికి పోతారు. మిరపకాయ కోతల ఆడవాళ్లకి. మాఘంలో, ఫాల్గుణంలో కల్లాల్లో తాలుకాయ ఏరి ఏరి సాయంత్రానికి వాళ్ల వేళ్లు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. ఆ మండేది నీళ్లల్లో కరగదు, నూనెలో కరుగుతుంది. ఆ సంగతి నేను పుస్తకంలో చదివాను, వాళ్లకి చేతులే చెప్పాయి. మా పక్కింటి కల్లంలో పనిచేసే ఒకావిడ రోజూ మా బావి దగ్గర కాళ్లూ చేతులూ కడుక్కుని పోతుంది. మా ఆవిడ ఆ మేకపాల బిళ్ళ ఆమె చేతిలో పెట్టింది. మూడోనాడు నేనే అడిగాను, మంటేమన్నా తగ్గిందా అని.

“సబ్బుతో ఏం పోద్ది మేష్టారూ? ముందు నువ్వులనూనె రాయాల. ఆనక బట్టలసబ్బైనా సరే, వదిలిద్ది. మీ సబ్బూ అంతే, అదేం ఎక్కువా చెయ్యలా, తక్కువా చెయ్యలా.”

“అయితే పారేశావా?”

“అయ్యో, పారేత్తానా! వాసన ఎంత బావుందని! మా పిల్ల లాక్కుంది. తొమ్మిదో తరగతి. నీళ్లు తగలనీకండా బళ్లోకి ఏసుకుపోయే గౌన్ల మధ్య పెట్టుకుంది. ఇంట్లో అంతా మిరపకాయ కోరు గదండీ, బట్టలకి పడుద్ది. బళ్లో పిల్లకాయలు తుమ్ముతన్నారని ఏడిచేది. ఇప్పుడు తుమ్మట్లేదంట.”

పెట్టెలో బొగ్గుసబ్బు ఇంకా ఉంది. దానికేమన్నా వాసనుందేమో చూడమని మా ఆవిడకి చెప్పాను.