పాటల పట్టణమునకు పయనము



నేను హైదరాబాదున ఫిలింనగరులో కాపురముండువాడను. జూబిలీహిల్సు గుట్టలు ముగియుచోట, ఏనుగులు పండుకొన్నట్లున్న రాతిబండల నడుమ మా వీథి. ఒకవంక తారల మేడలు, మరొకవంక స్టూడియోలలో దీపములు మోయువారి చిన్న ఇండ్లు. మేము మేడలవారమును గాము, దీపములు మోయువారమును గాము. చిత్రపరిశ్రమను నమ్ముకొని, దాని నీడను బ్రదుకుచున్న నడిమితరగతివారము.

మా వీథిలో పదిమందిమి కూడి ఈ యేడు ధనుర్మాసమున మదరాసు పోయి రావలెనని తలచితిమి. 1996వ సంవత్సరమున ఆ పట్టణము పేరు చెన్నై యని మార్చబడినది గాని, మా పెద్దల నోట అది నేటికిని మదరాసే. పయనమన్నంతనే ఎవరి కోరిక వారు బయటపెట్టిరి. ఒకరికి సముద్రము కావలెను. ఒకరికి పట్టుచీరలు కావలెను. కుర్రవారికి రాత్రి పొద్దుపోవువరకు వాద్యముల హోరు, దానితోడ విందు కావలెను. యాత్ర కుదిరినది గాని యాత్రికుల మనసులు కుదురలేదు. ఇంతలో మాలో అందరికంటె పెద్దవారు, ఎనుబదియేండ్లు దాటిన వయొలిన్ తాతగారు, "మీరు పోయి రండి నాయనా, నేను రాను" అని ఒక్కమాట చెప్పి ఊరకుండిరి. సంగీతపు ఊరికి పోవుచు సంగీతము తెలిసిన ఒక్కరిని విడిచిపోవుట యెట్లు? వారు రాననుటకు కారణమేమని ఆలోచింపగా, అది ఒక ముసలివారి అలుక గాదనియు, దానివెనుక నూరేండ్ల కథ యున్నదనియు నాకు తోచినది. ఆ కథయే నేటి నా ప్రసంగము.

పాటకొరకు గుంపుగట్టి పయనమగుట మనకు క్రొత్త గాదు. 1767లో తిరువారూరున జనించి తిరువయ్యారున జీవితము గడపిన త్యాగరాజస్వామి తమ ముదిమియందు, 1839 ప్రాంతమున, శిష్యులను వెంటబెట్టుకొని చెన్నపట్టణపు దిక్కునకు యాత్ర చేసిరని సంప్రదాయజ్ఞులు చెప్పుదురు. కంచి, తిరుపతి, కోవూరు, తిరువొత్తియూరు మొదలగు క్షేత్రములను సేవించిరి. కోవూరున సుందరేశ మొదలారి వారికి ఆతిథ్యమిచ్చెను. కోవూరు పంచరత్నములును తిరువొత్తియూరు పంచరత్నములును ఆ యాత్ర మనకిచ్చిన ఫలములు. ఆనాటికి ప్రయాణికుల రైలు లేదు. మదరాసు రాయపురమునుండి వాలాజా రోడ్డువరకు దక్షిణదేశపు తొలి ప్రయాణికుల రైలుబండి నడచినది 1856లో, అనగా స్వామి సిద్ధిపొందిన తొమ్మిదేండ్లకు. నడిచియో, బండ్లమీదనో, పల్లకీలలోనో సాగిన ఆ యాత్రకు ఏర్పాట్లెవరు చేసిరో, బియ్యము మూటలెవరు మోసిరో చరిత్ర చెప్పదు. పాటలు మాత్రము నిలిచినవి.

ఇంతమాత్రముచేత మా హైదరాబాదు పాటకు గొడ్డువోయిన ఊరని ఎవరును తలపరాదు. త్యాగరాజస్వామి పుట్టిన మరుసటియేడే, 1768లో, మహలఖా బాయి చందా జన్మించినది. ఆమె గాయని, నర్తకి, ఉర్దూ కవయిత్రి. 1824లో మరణించిన ఆమె సమాధిని మౌలాలి గుట్ట దాపున నేటికిని చూడవచ్చును. ఒకే కాలమున కావేరీతీరమున తెలుగుకృతియు, మూసీతీరమున ఉర్దూగజలును పూచినవి. అయితే ఇక్కడి పాట దర్బారులలోను దర్గాలలోను పెరిగినది. అక్కడి పాట దేవాలయమునుండి సభామందిరమునకు నడచినది. ఈ భేదమును ముందు మరల జ్ఞప్తి చేయుదును.

ఇక మన నటకులయు గాయకులయు యాత్రలు. 1885లో కడపజిల్లా సురభి గ్రామమున పుట్టిన నాటకసమాజమువారు తెరలు, కిరీటములు, హార్మోనియములు, చంటిబిడ్డలతోసహా ఊరూర తిరిగిరి. మాటలాడు చిత్రములు వచ్చినపుడు తెలుగువారికి స్టూడియో లేదు. 1932లో వెలువడిన 'భక్తప్రహ్లాద' కొరకు మన నటకులు బొంబాయి పోవలసివచ్చెను. అందు సురభివారును కలరు. 1933లో 'సావిత్రి', 1934లో 'లవకుశ' కలకత్తాలో తీయబడినవి. తెలుగుమాట వినబడని ఊళ్లలో, ఒకే బసలో వండుకొని తిని, తెలుగుపద్యములు పాడి తిరిగివచ్చిరి. 1934లోనే 'సీతాకల్యాణము' మదరాసున తయారైనది. అంతటితో మనవారి దూరప్రయాణములు తగ్గినవి. 1936లో రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను నెలకొల్పిరి గాని ఆ యత్నము వేరూనలేదు. రాజధానీనగరమగు మదరాసున ధనము, యంత్రములు, గ్రామఫోను సంస్థలు, అన్నిటిని మించి వాద్యకారులు ఉండిరి. తేనె యున్నచోటికి తేనెటీగలు పోయినవి.

అంతమంది వాద్యకారులు ఆ ఊర నేల చేరిరి? దానికొక కారణము 1927 డిసెంబరులో దొరకును. ఆ నెలలో మదరాసున కాంగ్రెసు మహాసభ జరిగెను. దానితోబాటు అఖిలభారత సంగీత సమ్మేళనమొకటి జరిగెను. ఆ సమ్మేళనపు తీర్మానము ననుసరించి 1928లో మ్యూజిక్ అకాడమీ వెలసినది. క్రిస్మసు సెలవులలో కోర్టులకును కచేరులకును విరామము. వకీళ్లకు తీరిక, ఉద్యోగులకు తీరిక. ధనుర్మాసమున చలియు ఎండయు సమముగానుండును. కాబట్టి డిసెంబరు మాసమే సంగీతోత్సవమాసముగా స్థిరపడినది. ఇతర సభలును అదే నెలను పట్టుకొనినవి. 1941లో మన ద్వారం వేంకటస్వామినాయుడుగారు, 1978లో మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు ఆ అకాడమీచే సంగీత కళానిధులైరి. 1938లో మదరాసు రేడియోకేంద్రము తెరువబడిన పిదప, బండి ఛార్జీలు లేనివారు గూడ ఊరి రచ్చబండకడ కూర్చుండి మదరాసు కచేరి వినగల్గిరి.

తమిళుల మనసును గూడ మనము న్యాయముగా తెలిసికొనవలెను. వేదికలమీద తెలుగుకృతులే వినబడుచున్నవి, మా భాషకు చోటేదియని వారడిగిరి. ఆ యుద్యమమునుండి 1943లో తమిళ్ ఇసై సంగము పుట్టినది. అడుగుట తప్పుగాదు. మన ఊరిలో మన మాట వినబడవలెనని మనమును కోరుదుము గదా!

పిమ్మట విభజనకాలము వచ్చినది. మదరాసు ఎవరిదను వివాదము నడుమ, మైలాపూరున బులుసు సాంబమూర్తిగారి ఇంట పొట్టి శ్రీరాములుగారు నిరశనవ్రతము పూని 1952 డిసెంబరు 15వ తేదీన అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము కర్నూలు రాజధానిగా ఏర్పడినది. 1956 నవంబరు 1న హైదరాబాదు ఆంధ్రప్రదేశ్‌కు రాజధానియైనది. రాజ్యము ఒక్కదినమున మారినది. చిత్రపరిశ్రమ మారుటకు నలుబదియేండ్లు పట్టినది. అమీరుపేటలో సారథీ స్టూడియో వెలసినది. 1959లో విడుదలయైన 'మా ఇంటి మహాలక్ష్మి' హైదరాబాదుననే పూర్తిగా తీయబడిన తొలి తెలుగుచిత్రమని ప్రసిద్ధి. 1964లో ప్రభుత్వము నంది బహుమతులు నెలకొల్పినది. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారి అన్నపూర్ణా స్టూడియో వచ్చినది. 1980 తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు మా గుట్టలను అలంకరించినవి. 1996లో నగరమునకు వెలుపల రామోజీ ఫిల్మ్ సిటీ లేచినది. సీతాఫలపు పొదలున్నచోట వీథిదీపములు వెలిగినవి.

ముందుగా నటులు వచ్చిరి, వెనుక దర్శకులు వచ్చిరి. పాట మాత్రము చాలకాలము మదరాసుననే నిలిచినది. చిత్రీకరణము ఇక్కడ, పాటల రికార్డింగు అక్కడ. ఏమన, భూమి ఇచ్చిన స్టూడియో కట్టవచ్చును. పన్ను తగ్గించిన చిత్రము తీయవచ్చును. నలుబదిమంది వాద్యకారులను ఒక గంటలో పిలిచి కూర్చుండబెట్టుట మాత్రము ఆజ్ఞవలన జరుగు పనిగాదు.

మా వయొలిన్ తాతగారు ఆ నలుబదిమందిలో ఒకరు. విజయనగరమున విద్య నేర్చి, 1963లో ఇరువదియొక్క యేండ్ల వయసున మదరాసు చేరిరి. ఆనాడు పాట యన్న అందరును ఒకే మందిరమున కూర్చుండి ఒకే మారు వాయింపవలెను. ఒకరి కమాను జారెనా, అందరును మొదటినుండి మరల ఎత్తుకొనవలెను. ఒకనాడు తమ తప్పువలన పాట పదునాలుగుమారులు తిరిగి మొదలుపెట్టవలసివచ్చెననియు, ప్రక్కనున్న తమిళ మృదంగవిద్వాంసుడు ఒక్కమాటయైన అనక, విరామమున కాఫీ తెచ్చి చేతికిచ్చెననియు తాతగారు చెప్పుదురు. వారిద్దరును ముప్పదియేండ్లు ప్రక్కప్రక్కనే కూర్చుండిరి. అతనికి తెలుగు రాదు, వీరికి తమిళము అంతంతమాత్రము. తాళమే వారి భాష.

తరువాత ఒక్కొక్క వాద్యమును విడివిడిగా రికార్డు చేయు పద్ధతి వచ్చినది. మీటలు నొక్కిన చాలు, వయొలిన్ల గుంపు పలికినట్లు పలుకు విద్యుద్వాద్యములు వచ్చినవి. పిలుపులు తగ్గినవి. తాతగారు 1994లో మదరాసు ఇల్లు ఖాళీచేసి ఫిలింనగరున కూతురి యింట చేరిరి. పెట్టెలోని వయొలిన్ పెట్టెలోనే యున్నది. వారి మాట యిది: "నాయనా, అక్కడ నన్నెరిగినవారు లేరు. ఎరిగినవారు లేని ఊరికి చూడబోవుట దేనికి?"

నేను వారికి బదులు చెప్పలేకపోతిని. బదులు చెప్పినది వారి మనుమరాలు. ఆమె విందు కావలెనన్న కుర్రవారిలోనిదే. "తాతయ్యా, ఆ మృదంగం తాత ఫోను నంబరు ఉందా?" అని అడిగెను. పాతపుస్తకమున ఒక నంబరు దొరికినది. ఆ నంబరునకు ఎవరును పలుకలేదు. ఆ బాలిక విడువక, తెలిసినవారి ద్వారా వారము దినములు వెదకి, తుదకు ఆ విద్వాంసుని కుమారుని పట్టుకొనినది. తండ్రిగారు సజీవులే. వినికిడి తగ్గినది, మైలాపూరున నున్నారు, ధనుర్మాసమున ఏదో యొక సభకు నిత్యము పోయి ముందువరుసను కూర్చుందురు. ఈ మాట విని తాతగారు చాలసేపు మాటాడలేదు. పిదప, "వస్తాను. కాని ఒక షరతు" అనిరి.

షరతు చెప్పుటకు ముందు మా ఏర్పాట్లు విన్నవించెదను. మీలోనెవరైన ఇట్టి పయనము తలపెట్టిన ఉపకరింపవచ్చును. రైలు టిక్కెట్లు రెండునెలల ముందే తీసితిమి. సభలకు నడిచిపోవుటకు వీలుగా మైలాపూరు ప్రాంతమునందే బస కుదుర్చుకొంటిమి. లెక్కలు ఒక్కరిచేతనే ఉంచితిమి, ఇద్దరు లెక్కలు వ్రాసిన స్నేహము చెడును. ఉదయమధ్యాహ్నముల కచేరులు అనేకసభలలో ఉచితము. అప్పుడప్పుడే పైకి వచ్చుచున్న యువకులు వానిలో పాడుదురు. సాయంకాలము పేరుపొందినవారి కచేరులకు టిక్కెట్లు ముందుగా కొనవలెను. దినమునకు ఒక్క కచేరి చాలును. మూడు విన్నవాడు ఒక్కటియు వినడు. భోజనమునకు సభల క్యాంటీనులే చాలును, అరిటాకు భోజనము, చిక్కని కాఫీ. ఒక పూట సముద్రమునకు, ఒక పూట చీరలకు, ఒక రాత్రి కుర్రవారి విందునకు కేటాయించితిమి. ఆ రాత్రి పెద్దలు బసలో నిద్రింతురు. ఎవరి కోరికయు కొట్టివేయలేదు.

ఇక షరతు. కచేరిలో మృదంగవిద్వాంసుడు తనియావర్తనము మొదలుపెట్టగనే శ్రోతలలో పలువురు లేచి కాఫీకి పోవుదురు. ఇది పాతజాడ్యము. "మీరు పదిమందియు లేవకూడదు. మంగళము పాడువరకు కదలకూడదు. అట్లయితేనే వస్తాను" అని తాతగారి షరతు. ముప్పదియేండ్లు తన ప్రక్క కూర్చున్నవానికి వారు చెల్లింపదలచిన గౌరవమది. ఆనాటి కాఫీ ఋణమును వారు కాఫీకి లేవకుండుటచేత తీర్చుకొందురు కాబోలు.

శ్రోతలారా, ఐక్యరాజ్యసమితి విద్యావిజ్ఞాన సంస్థ 2017లో చెన్నైని సంగీతనగరముగాను, 2019లో హైదరాబాదును రుచుల నగరముగాను గుర్తించినది. ఒకరికి చెవి, ఒకరికి నాలుక! ఈ పంపకమునకు నవ్వుకొనవచ్చును గాని, అందొక హెచ్చరిక యున్నది. స్టూడియోలు కట్టినవారము, పాటలు అమ్మినవారము, పాడువారిని గౌరవించువారము మనము. కాని నూరేండ్లుగా మదరాసును సంగీతనగరముగా నిలిపినది పాడువారుమాత్రమే గాదు; టిక్కెట్టు కొని, నేలమీదనైన కూర్చుండి, తాళము వేయుచు తుదివరకు విన్నవారు. అక్కడ పాట సభామందిరమునకు నడచినదని ముందు చెప్పితిని. నడిపించినవారు శ్రోతలే. మంగళముగా పాడునది సౌరాష్ట్రరాగమున త్యాగరాజస్వామి కూర్చిన కృతి. అది వినుటకు తెలుగువారమైన మనమే ముందుగా లేచిపోవుట తగునా?

మా కుర్రవారు షరతునకు ఒప్పుకొనిరి. మనుమరాలు వయొలినునకు క్రొత్తతంతులు కొనితెచ్చినది. తాతగారు పెట్టె తెరచి, తంతులు బిగించి, శ్రుతి చూచి, మరల మూసిరి. "వెంట తీసికొనిపోవుదమా?" అని అడిగితిని. "బరువేమీ లేదుగదా" అనిరి.

డిసెంబరు చివరివారమున మా పయనము. సెలవు.