వైర్‌లెస్ మౌస్ ఆగి ఆగి కదులుతోందా? కొత్తది కొనే ముందు ఆ బుల్లి డాంగిల్ ఎక్కడ పెట్టారో చూడండి

మౌస్ కదిపితే కర్సర్ కదలదు. కదిలితే ఒక్కసారిగా స్క్రీన్ ఆ చివరకు ఎగిరిపోతుంది. కీబోర్డ్‌లో ఒక అక్షరం కొడితే నాలుగు పడతాయి, నాలుగు కొడితే రెండే పడతాయి. అప్పుడు మనం ఏం చేస్తాం? టీవీ రిమోట్‌కు చేసినట్టే మౌస్‌ను అరచేతిలో వేసి రెండు దెబ్బలు కొడతాం. బ్యాటరీలు తీసి అటూ ఇటూ మార్చి మళ్లీ వేస్తాం. అప్పటికీ దారికి రాకపోతే ఆన్‌లైన్‌లో కొత్త కాంబో ఆర్డర్ పెట్టేస్తాం. కానీ చాలా ఇళ్లలో మౌస్, కీబోర్డ్ రెండూ బాగానే ఉంటాయి. తేడా అంతా కంప్యూటర్‌కు గుచ్చిన గోరంత రిసీవర్ దగ్గర, అంటే డాంగిల్ దగ్గర ఉంటుంది. సరిగ్గా చెప్పాలంటే దాన్ని ఏ పోర్టులో పెట్టామన్న దగ్గర ఉంటుంది.

ఇది మా ఇంట్లో జరిగిన ముచ్చటే. మా తమ్ముడు ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెడుతున్నాడు. చివరి రోజు రాత్రి. కాలేజీల పక్కన 11, 12, 13 అని నంబర్లు టైప్ చేస్తుంటే ఒకచోట 1 మాత్రమే పడింది, ఇంకోచోట 133 పడింది. లక్కీగా ఫ్రీజ్ కొట్టే ముందు లిస్ట్ మళ్లీ చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. "చవక సామాను తెస్తే గిట్లనే ఉంటది" అని మా నాన్న తేల్చేశారు. మర్నాడు కొత్త మౌస్, కీబోర్డ్ వచ్చాయి. అవీ అలాగే మొరాయించాయి! చివరకు తెలిసిందేంటంటే, మా అక్క పెళ్లి వీడియోలున్న ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ సరిగ్గా డాంగిల్ పక్క పోర్టులోనే ఉంది. అది పీకేయగానే రెండు సెట్లూ బుద్ధిగా పనిచేశాయి.

హార్డ్‌డిస్క్‌కు, మౌస్‌కు సంబంధమేంటి?

మామూలు వైర్‌లెస్ కాంబోలు 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్‌లో పనిచేస్తాయి. ఈ బ్యాండ్ వాడుకోవడానికి లైసెన్స్ అక్కర్లేదు. అందుకే వైఫై రౌటర్, బ్లూటూత్ హెడ్‌సెట్, ఆఖరికి వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే దారిలో తిరుగుతాయి. సంక్రాంతికి హైవే ఎలా ఉంటుందో అలా అన్నమాట. అయితే మౌస్ పంపే సమాచారం చాలా తక్కువ కాబట్టి మామూలు రోజుల్లో సందుచూసుకుని వెళ్లిపోతుంది.

సమస్య యూఎస్‌బీ 3.0తో మొదలైంది. నీలం రంగు పోర్టులు చూసే ఉంటారు, అవే. సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా వెళ్తున్నప్పుడు ఆ పోర్టు, కేబుల్, అవతల ఉన్న హార్డ్‌డిస్క్ నుంచి రేడియో రొద బయటకు వస్తుంది. ఆ రొద సరిగ్గా 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనూ పడుతుంది. ఇదేదో ఎవరో వాట్సాప్‌లో పంపిన థియరీ కాదు. ఇంటెల్ కంపెనీయే 2012 ఏప్రిల్‌లో దీని మీద ఒక టెక్నికల్ పేపర్ విడుదల చేసింది. యూఎస్‌బీ 3.0 పరికరం దగ్గర్లో ఉంటే వైర్‌లెస్ మౌస్ రేంజ్ తగ్గుతుందని, కదలిక మందగిస్తుందని అందులో పరీక్షలు చేసి మరీ చూపించింది.

డాంగిల్ చెవి దగ్గర ఎవరో డప్పు కొడుతుంటే, మూరెడు దూరంలో ఉన్న మౌస్ గుసగుస దానికి ఏం వినిపిస్తుంది? కీ నొక్కినట్టు వచ్చిన సిగ్నల్ పోతే అక్షరం పడదు. వేలు తీసేశామన్న సిగ్నల్ పోతే, ఇంకా నొక్కే ఉన్నామనుకుని కంప్యూటర్ అదే అక్షరాన్ని వరసగా కొట్టేస్తుంది. మా తమ్ముడి 133 అలా పుట్టిందే. గేమ్ ఆడేటప్పుడు ఇలా జరిగితే నవ్వుకోవచ్చు. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది కదా, అక్కడ ఒక అక్షరం ఎక్కువ పడినా తెలియదు. మూడుసార్లు తప్పు పడితే అకౌంట్ లాగిన్ లాక్ అయిపోయే బ్యాంకులు ఉన్నాయి.

వంద రూపాయల వైరుతో రిపేర్

మొదట చేయాల్సింది హార్డ్‌డిస్క్, పెన్‌డ్రైవ్ లాంటివి తీసేసి మౌస్ కదిపి చూడటం. తేడా కనిపిస్తే దొంగ దొరికినట్టే. డాంగిల్‌ను నల్ల రంగు పోర్టులోకి, అంటే యూఎస్‌బీ 2.0కి మార్చండి. మౌస్, కీబోర్డ్‌లకు ఆ వేగం చాలు, ఇంకా మిగులుతుంది. కాకపోతే ఆ నల్ల పోర్టు నీలం పోర్టుకు ఆనుకునే ఉంటే పెద్దగా లాభం ఉండదు. ఆ పక్కనుంచి వచ్చే రొద ఎలాగూ వస్తుంది.

నా దృష్టిలో అన్నిటికంటే మంచి మందు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్. వందో రెండొందలో పెడితే మొబైల్ యాక్సెసరీస్ షాపులో దొరుకుతుంది. 2.0 రకం చాలు, ఖరీదైనది అక్కర్లేదు. ఒక కొసను సీపీయూకు పెట్టి, రెండో కొసలో డాంగిల్ గుచ్చి టేబుల్ మీదకు తెచ్చుకోండి. కీబోర్డ్‌కు, డాంగిల్‌కు మధ్య అడ్డం లేకుండా ఒక అర మీటరు దూరం ఉంటే చాలు. మానిటర్ కింద అతికించేస్తే ఊడిపోతుందన్న బాధ కూడా ఉండదు.

డెస్క్‌టాప్ ఉన్నవాళ్లకు ఇది ఇంకా అవసరం. మన ఇళ్లలో సీపీయూ టేబుల్ కింద, గోడవైపు తిప్పి ఉంటుంది. డాంగిల్ దాని వెనక పోర్టులో ఉంటుంది. అంటే ఇనుప డబ్బా అవతల నుంచి మౌస్ మాట్లాడాలి. బాక్స్ మీద 10 మీటర్ల రేంజ్ అని రాసి ఉంటుంది కానీ అది అడ్డం లేని చోట లెక్క. స్టీల్ బీరువా పక్కన, చుట్టూ వైర్ల మధ్య అది అలాగే వస్తుందనుకోకండి.

వైఫై రౌటర్ కూడా అదే టేబుల్ మీద ఉందా? దాన్ని కాస్త ఎడంగా జరపండి. రౌటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఆప్షన్ ఉంటే కంప్యూటర్‌ను, ఫోన్లను ఆ నెట్‌వర్క్‌కు మార్చేస్తే మౌస్ దారిలో ట్రాఫిక్ తగ్గుతుంది. అన్నట్టు, అన్నీ సరిచేసినా మౌస్ కదలడం లేదంటే కింద టేబుల్ చూడండి. అద్దం మీద మామూలు ఆప్టికల్ మౌస్ నడవదు. పాత నోట్‌బుక్ అట్ట వేసినా చాలు.

బ్లూటూత్ తీసుకుంటే డాంగిల్ గొడవే ఉండదుగా?

ఉండదు. ల్యాప్‌టాప్ వాడేవాళ్లకు బ్లూటూత్ హాయి. ఒక పోర్టు మిగులుతుంది, డాంగిల్ పోతుందన్న భయం లేదు. కొన్ని మోడళ్లలో ఒక బటన్ నొక్కి అదే కీబోర్డ్‌ను ల్యాప్‌టాప్ నుంచి ఫోన్‌కు మార్చుకోవచ్చు కూడా. విండోస్ 11లో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, బ్లూటూత్ అండ్ డివైసెస్ తెరిచి, యాడ్ డివైస్ నొక్కండి. కీబోర్డ్ మీద పెయిరింగ్ బటన్‌ను లైట్ గబగబా వెలిగే దాకా పట్టుకోండి. స్క్రీన్ మీద నంబర్ వస్తే దాన్ని ఆ కొత్త కీబోర్డ్‌తోనే టైప్ చేసి ఎంటర్ కొట్టాలి. చాలామంది ఇక్కడే ఆగిపోయి, ఓకే బటన్ కోసం వెతుకుతుంటారు.

కానీ అసెంబుల్డ్ డెస్క్‌టాప్‌లలో చాలావాటికి బ్లూటూత్ ఉండదు. విడిగా యూఎస్‌బీ అడాప్టర్ కొనాలి. అంటే మళ్లీ ఒక డాంగిల్ వచ్చినట్టే. పైగా బ్లూటూత్ కూడా 2.4 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తుంది కాబట్టి పైన చెప్పుకున్న రొద దానికీ తగలొచ్చు. ఇంకో చిక్కు ఉంది. కంప్యూటర్ ఆన్ కాగానే వచ్చే బయోస్ స్క్రీన్‌లో బ్లూటూత్ కీబోర్డ్ సాధారణంగా పనిచేయదు. దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ విండోస్ లోడ్ అయ్యాకే వస్తుంది. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చిన రోజు ఈ విషయం తెలిసొస్తుంది. డాంగిల్ కీబోర్డ్‌కు ఈ ఇబ్బంది మామూలుగా ఉండదు, ఎందుకంటే కంప్యూటర్ దాన్ని వైర్ కీబోర్డ్ లాగే చూస్తుంది. అందుకే పాత వైర్ కీబోర్డ్‌ను పాత సామాన్ల బండికి వేయకుండా అటక మీద పడేసి ఉంచండి.

పాస్‌వర్డ్ గాల్లో వెళ్తోందని మర్చిపోవద్దు

వైర్ లేదంటే మనం కొట్టే ప్రతి అక్షరం రేడియో సిగ్నల్‌గా గాల్లోంచి వెళ్తోందని అర్థం. 2016 ఫిబ్రవరిలో బాస్టిల్ అనే అమెరికా సెక్యూరిటీ సంస్థ 'మౌస్‌జాక్' పేరుతో ఒక లోపాన్ని బయటపెట్టింది. ఏడు కంపెనీల పరికరాల్లో అది కనిపించింది. కీబోర్డ్ సిగ్నల్‌ను కోడ్ భాషలోకి మార్చి పంపుతున్నా, మౌస్ కదలికల్లో రహస్యమేముందిలే అని వాటిని మామూలుగానే వదిలేశారు. ఆ సందులోంచి దూరంగా ఉన్నవాడు తన కీబోర్డ్ ఆదేశాలను డాంగిల్‌కు ఎక్కించగలడని తేలింది. అదే ఏడాది జులైలో అదే సంస్థ 'కీస్నిఫర్' అని ఇంకొకటి చెప్పింది. ఎనిమిది కంపెనీల చవక కీబోర్డులు అసలు కోడ్ భాషే వాడకుండా అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పంపేస్తున్నాయట. సుమారు 75 మీటర్ల దూరం నుంచి కూడా చదివేయొచ్చని చూపించారు.

సొంత ఇంట్లో సినిమాలు చూసుకునేవాళ్లు దీనికి కంగారు పడక్కర్లేదు. కానీ అపార్ట్‌మెంట్‌లోనో హాస్టల్‌లోనో ఉంటూ, అదే కంప్యూటర్‌లో బ్యాంకు పనులు, ఆఫీసు పనులు చేసేవాళ్లు మాత్రం కొనేటప్పుడే బాక్స్ మీద '128 బిట్ ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్' అని ఉందో లేదో చూసుకోవాలి. పేరు కూడా లేని కాంబోల మీద ఆ ముక్కే కనిపించదు. సరిగ్గా పెయిర్ చేసిన బ్లూటూత్ కీబోర్డ్ సిగ్నల్ కూడా ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. మంచి కంపెనీల డాంగిల్స్‌కు ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు వస్తుంటాయి, వాళ్ల సైట్‌లో ఒకసారి చూడండి. కొన్ని పాత డాంగిల్స్‌కు అప్‌డేట్ చేసే వీలే లేదు. అలాంటి వాటితో పాస్‌వర్డ్‌లు కొట్టకపోవడమే మేలు.

బ్యాటరీ చచ్చేది పని ఉన్న రోజే

బ్యాటరీ తగ్గినా అక్షరాలు మింగేయడం, కర్సర్ నత్తలా కదలడం కనిపిస్తుంది. గోడ గడియారానికి వేసే చవక జింక్ సెల్స్ కంటే ఆల్కలైన్ సెల్స్ నయం. ఎక్కువ రోజులు వస్తాయి, లీకయ్యే ప్రమాదం కూడా తక్కువ. రీఛార్జబుల్ సెల్స్ వాడొచ్చు. కాకపోతే వాటి వోల్టేజ్ 1.2 మాత్రమే, మామూలు సెల్‌కు 1.5 ఉంటుంది. అందుకే ఫుల్ ఛార్జింగ్ పెట్టినా కొన్ని మౌస్‌లు 'బ్యాటరీ లో' అని చూపిస్తాయి. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేయకండి. వేసవి సెలవులకు ఊరెళ్లేటప్పుడు సెల్స్ తీసేసి వెళ్లండి. తిరిగొచ్చాక ఆల్కలైన్ సెల్ చుట్టూ తెల్లటి పొడి కనిపిస్తే, ఇయర్‌బడ్‌ను నిమ్మరసంలో కొంచెం తడిపి తుడిచి, బాగా ఆరాకే కొత్త సెల్ వేయాలి.

ఆన్‌లైన్ అప్లికేషన్ మధ్యలో కీబోర్డ్ చచ్చిపోయిందా? మౌస్ పనిచేస్తుంటే స్టార్ట్ మెనూలోంచి ఆన్‌స్క్రీన్ కీబోర్డ్ తెరిచి అక్షరాల మీద క్లిక్ చేస్తూ పని ముగించొచ్చు. లాగిన్ స్క్రీన్ మీద మూలన ఉండే యాక్సెసిబిలిటీ గుర్తులో కూడా ఇది ఉంటుంది. మౌస్ చచ్చిపోతే ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కి, అడిగినదానికి ఎంటర్ కొట్టండి. కుడిపక్క నంబర్ కీలతో కర్సర్ కదులుతుంది, 5 నొక్కితే క్లిక్ పడుతుంది. నంబర్ ప్యాడ్ లేని చిన్న కీబోర్డ్‌లలో మాత్రం ఇది కుదరదు.

డాంగిల్ పోతే?

ఇల్లు ఊడ్చేటప్పుడు పోయే వస్తువుల్లో ఇదొకటి. చాలా కాంబోల్లో మౌస్, కీబోర్డ్‌లను ఫ్యాక్టరీలోనే ఆ ఒక్క డాంగిల్‌తో జత చేసేస్తారు. అది పోతే రెండూ అలంకారానికే. వేరే సెట్ డాంగిల్ తెచ్చి గుచ్చితే పనిచేయదు. కొన్ని కంపెనీల రిసీవర్లు మాత్రం విడిగా అమ్ముతారు. ఉదాహరణకు లాజిటెక్‌లో నారింజ రంగు నక్షత్రం గుర్తున్న 'యూనిఫైయింగ్' రిసీవర్ 6 పరికరాలకు పనిచేస్తుంది. ఆ గుర్తున్న పాత మౌస్‌ను కొత్త రిసీవర్‌కు ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో జత చేసుకోవచ్చు. 2021లో వచ్చిన 'లాజి బోల్ట్' వేరే రకం, దీనికి అది, దానికి ఇది పనికిరావు. కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు మౌస్ తిరగేసి గుర్తు చూసుకోండి. అలా తిరగేసినప్పుడు బ్యాటరీ మూత కూడా ఒకసారి తీయండి. చాలా మోడళ్లలో డాంగిల్ పెట్టుకోవడానికి అక్కడే చిన్న అర ఉంటుంది. పోయిందనుకున్న డాంగిల్ అందులోనే ఉండొచ్చు.