పోహే, అటుకులు

తెలంగాణ నుంచి మహారాష్ట్రలోని భివండీ మరమగ్గాలకు వలసవెళ్ళిన పద్మశాలీలకు ఒకే తిండికి రెండు పేర్లు: ఇంట్లో అటుకులు, బజార్లో పోహే.

ఈ పోహే వయసు చాలా పెద్దది. సంస్కృతంలో 'పృథు' అంటే వెడల్పైనది. వడ్లు నానబెట్టి, వేయించి, వేడి మీదే దంచితే పల్చగా, వెడల్పుగా అణిగే గింజ 'పృథుకం'. ప్రాకృతాల్లో నలిగి నలిగి అదే మరాఠీలో పోహా అయింది; పోహే దాని బహువచనం. మన అటుకులూ ఎప్పుడూ బహువచనమే. భాగవతంలో కుచేలుడు చింకిగుడ్డలో మూటగట్టుకెళ్ళినవీ పృథుకాలే. భివండీ బండి మీద పొగలు కక్కే పళ్ళెంలో ఉన్నదీ, కృష్ణుడు పిడికెడు నోట వేసుకున్నదీ ఒకే మాట! ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

మరాఠీలో 'కాందేపోహే' అంటే ఉల్లిపాయలు వేసిన అటుకుల ఉప్మాయే కాదు, పెళ్ళిచూపులు కూడా. వచ్చినవాళ్ళకు ఆ పళ్ళెం అందించే ఆనవాయితీయే పేరైంది. కొంకణంలో పల్చని అటుకులను కొబ్బరితో కలిపి బరువు కింద అదిమి ఉంచితే 'దడపే పోహే'.

మన మాటకేమో పండుగలో చోటు దక్కింది. తొమ్మిది రోజుల బతుకమ్మలో రెండోది అటుకుల బతుకమ్మ. ఆ రోజు నైవేద్యం సప్పిడి పప్పు, బెల్లం, అటుకులు.