‘మాలపల్లి’ని పాఠాల్లోంచి తీసేసిన ఏడాది

పద్దెనిమిదో శతాబ్దంలో గోగులపాటి కూర్మనాథకవి ‘సింహాద్రి నారసింహ శతకం’ చెప్పాడు. ఊళ్ళ మీద దండు వచ్చి పడుతుంటే కొండెక్కి కూర్చుని ఏం చేస్తున్నావని సింహాచలం అప్పన్ననే నిలదీశాడు, వెక్కిరించాడు, తిట్టాడు. దేవుణ్ణి అన్నన్ని మాటలన్నా ఆ శతకాన్ని నిషేధించాలన్న ఊహ ఎవరికీ వచ్చినట్టు లేదు. మన పుస్తకాలకు గండాలు అచ్చుయంత్రంతో, బడితో వచ్చాయి.

ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ సంగతే చూడండి. తంజావూరులో ప్రతాపసింహుడి కొలువులో పుట్టిన కావ్యమది. దొరల చట్టం కన్నా ముందే కందుకూరి వీరేశలింగం కవుల చరిత్రలో దాని మీద మండిపడ్డాడు. అచ్చయిన పాత ప్రతిలో కోతలు కనబడితే బెంగుళూరు నాగరత్నమ్మ రాతప్రతి సంపాదించి, పరిష్కరించి, 1910లో వావిళ్ళ వారి చేత మొత్తం కావ్యాన్ని వేయించింది. మరుసటి ఏడాదే ప్రభుత్వం అశ్లీలమని కేసు పెట్టి ప్రతులు పట్టుకుంది. తెల్లదొరకు తెలుగు పద్యం ఎక్కడ అర్థమవుతుంది? ఇదిగో బూతని ఇంగ్లీషులో పెట్టి చూపించింది తెలుగువాళ్ళే. ఆ నిషేధం తొలగడానికి 1947లో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం దాకా ఆగాల్సి వచ్చింది.

‘మాలపల్లి’ కథ వేరు. అక్కడ గొడవ శృంగారం గురించి కాదు, కూలివాడి కడుపుమంట గురించి. ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో జైల్లో ఉండి రాసిన నవల అది. రామదాసు కుటుంబం చుట్టూ తిప్పుతూ అంటరానితనాన్ని, కూలి రేట్లను, భూమిని, జైలును ఒక్కచోటికి తెచ్చాడు. రష్యా విప్లవం గాలి ఇంకా చల్లారని రోజులు. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. శాసనమండలిలో చర్చలయ్యాక, కొన్ని మార్పుల మీద మళ్ళీ అచ్చుకు ఒప్పుకుంది.

అప్పుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆ నవలను పాఠ్యగ్రంథంగా పెట్టింది. 1926లో బెజవాడలో మొదలై 1930 నాటికి వాల్తేరు చేరిన విశ్వవిద్యాలయం అది. దళితుణ్ణి నాయకుడిగా నిలబెట్టిన వాడుకభాష నవలను విద్యార్థుల చేతికివ్వడం ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు. పరీక్షల్లో వాడుక తెలుగు రాయొచ్చా అని గిడుగు, గురజాడ, విశాఖ ఏ.వి.ఎన్. కాలేజీ ప్రిన్సిపాల్ శ్రీనివాస అయ్యంగార్ పండితులతో కొట్లాడి ఎన్నాళ్ళయిందని! గురజాడ తన అసమ్మతి పత్రం మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చింది 1914లోనే కదా.

1936లో ప్రభుత్వం ‘మాలపల్లి’ని రెండోసారి నిషేధించింది. విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథాల్లోంచి తీసేసింది. వైస్ చాన్సలర్ కుర్చీ సర్వేపల్లి రాధాకృష్ణన్ నుంచి కట్టమంచి రామలింగారెడ్డికి మారిన ఏడాది కూడా అదే. ఒకరు తత్వవేత్త, ఇంకొకరు సాహిత్య విమర్శకుడు. అంత పెద్దవాళ్ళు ఏలిన చోటే ఒక నవల నిలవలేకపోయింది. అప్పటి పాలకపక్షం జస్టిస్ పార్టీ, దాని నాయకుడు బొబ్బిలి రాజావారు. జమీందార్ల పెత్తనం నడిచిన పార్టీకి కూలివాళ్ళ నవల మింగుడుపడకపోవడంలో వింతేముంది? 1937లో రాజాజీ ప్రభుత్వం రాగానే నిషేధం పోయింది.

స్వతంత్రం వచ్చాక కత్తెర చేతులు మారిందంతే. 1970లో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభల్లో, రచయితలు ఎవరి పక్షమో తేల్చుకోమని విద్యార్థులు సవాలు విసిరారు. ఆ జులైలో విప్లవ రచయితల సంఘం (విరసం) పుట్టింది. 2005 ఆగస్టులో ప్రభుత్వం ఆ సంఘాన్నే నిషేధించి, నవంబరులో వదిలేసింది. 2022 జనవరిలో కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ నాటక ప్రదర్శన వంతు. వందేళ్ళ నాటి నాటకంలో సుబ్బిశెట్టి పాత్ర తమను కించపరుస్తోందని ఆర్యవైశ్య సంఘాలు ఫిర్యాదు చేస్తే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధం పెట్టింది. ఆ పాత్రను ఆడే తీరులో వెకిలితనం పెరిగిన మాట నిజమే. దానికి మందు నటులకు చెప్పుకోవడం గానీ నాటకాన్ని ఆపేయడం కాదు.

బహిరంగంగా జీవో ఇచ్చే ప్రభుత్వాన్ని కోర్టులో నిలదీయొచ్చు. బోర్డు ఆఫ్ స్టడీస్ ఒక సాయంత్రం కూర్చుని ఒక పాఠాన్ని తీసేస్తే ఎవరిని అడగాలి? అందుకే విశ్వవిద్యాలయాలకూ, పాఠ్యపుస్తక సంఘాలకూ ఒక్క విన్నపం: పాఠం తీసేసినప్పుడు ఎందుకు తీశారో, ఎవరు అడిగితే తీశారో రాసి అందరికీ కనబడేలా పెట్టండి.