'ఒకసారి స్టేషన్‌కు వచ్చి పో' అని పోలీసుల ఫోన్ వచ్చిందా? ముందు ఈ హక్కులు తెలుసుకోండి

జహీరాబాద్: "చిన్న ఎంక్వైరీ ఉంది, ఒకసారి స్టేషన్‌కు వచ్చి పో".. ఇలా ఫోన్ రాగానే చాలామంది పని వదిలేసి పరుగెత్తుతారు. చేతిలో కాగితం ఉండదు. ఏ కేసో తెలియదు. లోపల ఎంతసేపు ఉంచారో లెక్క ఉండదు. అసలు చిక్కంతా ఇక్కడే.

2023 మొదట్లో మెదక్‌లో జరిగింది గుర్తుందా? సీసీటీవీలో కనిపించిన గొలుసు దొంగలా ఉన్నాడన్న అనుమానంతో పోలీసులు ఓ కూలీని అదుపులోకి తీసుకుని, తర్వాత వదిలేశారు. ఫిబ్రవరిలో ఆయన గాంధీ ఆస్పత్రిలో చనిపోయారు. పోలీసుల దెబ్బల వల్లేనని కుటుంబం ఆరోపించింది. హైకోర్టు ఈ ఘటనను సుమోటోగా విచారణకు తీసుకుంది.

మరి చట్టం ఏం చెబుతోంది? 2024 జులై 1 నుంచి సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ అమల్లో ఉంది.

నోటీసు అడగండి
అరెస్టు అవసరం లేని కేసుల్లో అనుమానితుడికి సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. వాట్సాప్‌లో పంపితే కుదరదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు అందితే మాత్రం వెళ్లాల్సిందే. పట్టించుకోకపోతే అరెస్టు చేయొచ్చు.

ఇంటి దగ్గరే విచారణ
సెక్షన్ 179 ప్రకారం మహిళలు, 15 ఏళ్ల లోపు, 60 ఏళ్లు దాటిన మగవారు, దివ్యాంగులు, తీవ్ర అనారోగ్యం ఉన్నవారిని స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయకూడదు. వారు ఉండే చోటికే వెళ్లి అడగాలి.

మౌనం నేరం కాదు
పేరు, అడ్రస్ చెప్పాలి. కానీ తనను తానే కేసులో ఇరికించుకునే జవాబు చెప్పనక్కర్లేదు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 20(3) ఇచ్చిన రక్షణ ఇది. పోలీసులు రాసుకున్న వాంగ్మూలంపై సంతకం తీసుకోకూడదని సెక్షన్ 181 చెబుతోంది. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నా కోర్టులో అది సాక్ష్యంగా చెల్లదు. అయితే ఆ మాటల ఆధారంగా దొరికిన వస్తువు సంగతి వేరు, దాని వరకు సాక్ష్యమే.

అరెస్టు చేస్తే..
* కారణం చెప్పాలి. నిందితుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా ఇవ్వాలని 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలుగు, ఉర్దూ, కన్నడ కలగలిసిన జహీరాబాద్‌లో ఇది చాలా ముఖ్యం.
* ఇంట్లోవాళ్లకు, లేదా ఆయన చెప్పినవారికి సమాచారం ఇవ్వాలి.
* విచారణ టైంలో లాయర్‌ను కలవనివ్వాలి. కాకపోతే మొత్తం విచారణలో పక్కనే కూర్చోనివ్వాలని లేదు.
* డాక్టర్ పరీక్ష చేయించి, రిపోర్టు కాపీ ఇవ్వాలి.
* ప్రయాణ సమయం కాకుండా 24 గంటల్లోపు మెజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి.

కొట్టి ఉంటే ఆ మాట మెజిస్ట్రేట్‌కే నేరుగా చెప్పొచ్చు. భయపడి దాచిపెడితే తర్వాత నిరూపించడం కష్టం. స్టేషన్లలో సీసీ కెమెరాలు ఉండాలని, ఫుటేజీ దాచిపెట్టాలని 2020 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కాబట్టి వెళ్లిన తేదీ, టైం, మాట్లాడిన అధికారి పేరు ఇంట్లోవాళ్లు రాసిపెట్టుకోవాలి.

లాయర్‌కు డబ్బుల్లేవా? కస్టడీలో ఉన్న ఎవరికైనా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. హెల్ప్‌లైన్ నంబర్ 15100. స్టేషన్ మెట్లెక్కే ముందే ఈ నంబర్ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.