మూత పడాలి, వేడి తిరగాలి

అట్లాంటా శివార్లలో ఆల్ఫారెటా. తెల్లారితే థాంక్స్‌గివింగ్. బావమరిది ఇంటి వెనక చెక్క డెక్ మీద చలికి చేతులు రుద్దుకుంటూ నిలబడ్డారు మీరు. ఎదురుగా పచ్చటి సిరామిక్ గ్రిల్, బిగ్ గ్రీన్ ఎగ్. జపాన్ కమాడో పొయ్యి దీనికి మూలం. కంపెనీ మాత్రం 1974లో ఈ అట్లాంటాలోనే పుట్టింది. బొగ్గు ఇంకా అంటించలేదు. రేపు టర్కీ వండే పాన్ ఇందులో పడుతుందో లేదో చూసుకోవాల్సింది పొయ్యి చల్లగా ఉన్నప్పుడే.

ఓవెన్ కోసం కొన్న స్టీలు పాన్ తెచ్చాడు బావమరిది. పదహారు అంగుళాల పొడవు, పదమూడు వెడల్పు.

"జాలీ పద్దెనిమిదంగుళాలు. సరిపోద్ది బావా!"

దించాడు. మూలలు గోడకు తగిలి ఆగిపోయింది. మూల నుంచి మూలకు ఇరవైకి పైనే ఉంది మరి. గుండ్రటి పొయ్యిలో కొలవాల్సింది అదే.

తర్వాత వాడి పారేసే అల్యూమినియం ట్రే. నొక్కితే పట్టింది కానీ, పద్నాలుగు పౌండ్ల పక్షిని పెట్టి ఎత్తితే అడుగు జారుతుంది. పైగా మరీ లోతు. తొడలు ఆ గోడల చాటున పడితే కింది చర్మం తెల్లగా, మెత్తగా మిగిలిపోతుంది. ఉడకడానికి ఎక్కువ వేడి కావాల్సిందేమో ఆ తొడలకే!

మూడోది పద్నాలుగు అంగుళాల గుండ్రటి పాన్, లోతు తక్కువ. చుట్టూ చెయ్యి పోనిచ్చి చూడండి: అన్ని వైపులా రెండేసి అంగుళాల సందు. నిప్పుకూ జాలీకీ మధ్య ఉన్న మూడు కాళ్ళ సిరామిక్ పలక అంచుల్లోంచి వేడి పైకి లేచి, మూత కింద తిరగాలంటే ఈ సందే దారి. పాన్ పలక అంచు దాటిందా, అక్కడ నేరుగా సెగ తగిలి కారిన రసం మాడుతుంది, గ్రేవీ చేదెక్కుతుంది. పలక మీదే పాన్ పెట్టేసినా అంతే. అందుకే కాళ్ళు పైకి తిప్పి, వాటిపై జాలీ, జాలీపై పాన్. పాన్‌లో కాస్త నీళ్ళు.

పాన్‌లో స్టాండు పెట్టి, మంచు కరిగిన టర్కీని దాని మీద కూర్చోబెట్టి మూత మెల్లగా దించితే... ఆగండి! మూతలోని థర్మామీటర్ పుల్ల రొమ్ములో గుచ్చుకుంటోంది. ఇలాగే వండితే ముల్లు చూపించేది పొయ్యి వేడి కాదు, మాంసం వేడి. తక్కువ చూపిస్తోందని మీరు గాలి పెంచుతారు, చర్మం నల్లబడుతుంది.

స్టాండు తీసేసి ఉల్లిపాయ ముక్కలు, క్యారెట్లు పరిచాడు బావమరిది. పక్షి దిగింది, మూత పూర్తిగా పడింది, పుల్లకూ రొమ్ముకూ మధ్య వేలు పట్టేంత ఎడముంది.

ఇక టర్కీ మళ్ళీ ఫ్రిజ్‌లోకి. రేపు ఆ ముల్లు 350 ఫారెన్‌హీట్ దగ్గర నిలిస్తే చాలు. మాంసానికి వేరే థర్మామీటర్, తొడ మందంలో ఎముకకు తగలకుండా గుచ్చి 165 వచ్చేదాకా.